మొక్కల నుంచి తీసిన నానో కణాలు పశువుల టీకాల్లో నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి, అనుమానమే అక్కర్లేదు. కాకపోతే ఈ ప్రశ్న వేయాల్సింది టీకా వేసేవాళ్లు వచ్చారని తెలియగానే గేదెల్ని పొలానికి తోలేసే మా ఊరివాళ్లను.

మొన్న గాలికుంటు టీకాలప్పుడు మా పక్కింటి బాబాయి అదే చేశాడు. అంతకుముందు విడతలో ఆయన ముర్రా గేదెకు సూది పొడిచినచోట మెడమీద నిమ్మకాయంత గడ్డ లేచింది. చెయ్యి వేయనిచ్చేది కాదు. నాలుగు రోజులు పాలు తగ్గాయి. పాలకేంద్రం లెక్క చూసి పిన్ని ఒకటే గొణుగుడు. "రోగం వచ్చినప్పుడు చూద్దాంలేరా, ఈ పాలడబ్బులు ఎవడిస్తాడు?" అన్నాడు బాబాయి. గిట్టల మధ్య పుండ్లు పడి, చొంగ కారుస్తూ, మేత ముట్టకుండా నిలబడ్డ గేదెను దగ్గరుండి చూసినవాడెవడూ ఆ మాట అనడు.

ఆ గడ్డ చాలావరకు టీకాలో కలిపే నూనె వల్లే. మందుకు బలమిచ్చేదీ అదే, పశువును బాధపెట్టేదీ అదే. అందుకే మొక్కల సరుకంటే నాకు గురి. చిలీలో పెరిగే క్విల్లాజా చెట్టు బెరడులో సాపోనిన్లు ఉంటాయి, మన కుంకుడుకాయల్లో నురగ తెప్పించే జాతివే. గాలికుంటు టీకాల్లో వాటిని దశాబ్దాలుగా వాడుతున్నారు. నేరుగా ఎక్కిస్తే ఎర్రరక్తకణాలను చిదిమేసే గుణం వాటికుంది. ఆ గుణానికి కళ్లెం వేసేలా 1984లో స్వీడన్‌కు చెందిన బ్రోర్ మోరీన్ బృందం వాటికి కొలెస్ట్రాల్, ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు జోడించి 40 నానోమీటర్ల, అంటే కంటికి ఆననంత చిన్న, బోనుల్లాంటి నానో కణాలు కట్టింది. గుర్రాల ఫ్లూ టీకాలోకి అవి ఎప్పుడో ఎక్కాయి. అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీవాళ్లు స్వీట్‌కార్న్ పిండిపదార్థంతో నానో-11 అనే కణాలు తయారుచేశారు. పందులకు ముక్కులో వేసే ఫ్లూ టీకాలో వాటిని పరీక్షించారు కూడా. సూదే లేకపోతే ఇక గడ్డెక్కడిది?

ఇది చదివి కుంకుడురసం సిరంజిలోకి ఎక్కించకండి బాబూ! వాట్సాప్‌లో వేపరసాన్ని "సహజ టీకా" అంటూ తిప్పుతున్న మహానుభావులను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకోటి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఉచితం, ఆరు నెలలకోసారి వేస్తారు. మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మా ఊరొచ్చిన డబ్బాలో ఐసు కరిగి నీళ్లు గలగలలాడుతున్నాయి, పైగా వరసబెట్టి అన్ని పశువులకూ ఒకటే సూది. ఆ వేడికి పాడైన మందులో ఏ నానో కణం కలిపితే మాత్రం ఏం లాభం? మీ ఊరొచ్చినప్పుడు ముందు డబ్బా మూత తీయించి చూడండి, పశువు పశువుకూ సూది మార్చమనండి. కసురుకుంటారు, కసురుకోనివ్వండి.