ఆగని కుర్చీలోకి ఎక్కడం: చైర్‌లిఫ్ట్ గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గత శీతాకాలంలో మా కుటుంబమంతా గయ, రాజగీర్ యాత్రకు వెళ్లాం. రాజగీర్‌లో రత్నగిరి కొండ మీది శాంతి స్తూపానికి ఒక్కొక్కరే కూర్చునే కుర్చీల రోప్‌వే ఉంది. కుర్చీ ఆగదు, అది వెనక నుంచి వచ్చేసరికి మనమే కూర్చోవాలి. మా అత్తగారు భయపడి కిందనే ఉండిపోయారు. మన తారాతారిణి కొండకు రోప్‌వేలో వెళితే తలుపు వేసిన క్యాబిన్‌లో నిశ్చింతగా కూర్చుంటాం కదా, ఇక్కడ కుర్చీని ఒక్క క్షణం ఆపితే ఏమవుతుంది? ఇలాంటి కుర్చీలను మొదట మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవారి కోసం, అరటి గెలలు మోసే యంత్రాన్ని చూసి తయారుచేశారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. మీ ప్రశ్నకు సమాధానం కూడా ఆ అరటి గెలల కథలోనే ఉంది.

కొండ ఎక్కించే యంత్రాలు అంతకు ముందూ లేకపోలేదు. 1908లో జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో, షోలాక్ అనే ఊళ్లో రాబర్ట్ వింటర్‌హాల్డర్ నీటి మర శక్తితో తాడును తిప్పి, దాన్ని పట్టుకున్నవారిని వాలు పైకి లాగే ఏర్పాటు చేశాడు. 1934లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఎర్న్‌స్ట్ కాన్‌స్టమ్ ఇంకా మెరుగైన లాగుడు లిఫ్టును నెలకొల్పాడు. అయితే వీటన్నిటిలో మనిషి కాళ్లు మంచు మీదే ఉండాలి, పైదాకా తన బరువును తానే నిలబెట్టుకుంటూ పోవాలి. మనిషిని నేల మీది నుంచి పూర్తిగా లేపి కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోయిన మొదటి లిఫ్టులు అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వ్యాలీలో 1936 డిసెంబరులో మొదలయ్యాయి. శీతాకాలంలో తన రైళ్లకు ప్రయాణికులు కావాలని యూనియన్ పసిఫిక్ రైల్వే ఆ విడిదిని కట్టించింది. అప్పుడు ఆ కంపెనీ ఛైర్మన్ ఏవరెల్ హారిమన్.

ఆ కంపెనీ ఇంజనీరు జేమ్స్ కరన్ అంతకు ముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాల మీద పనిచేశాడు. అక్కడ ఒక తాడు ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, దానికి వరసగా వేలాడే కొక్కేలకు గెలలు తగిలిస్తారు. కొక్కెం స్థానంలో కుర్చీ పెడితే సరిపోతుందని కరన్‌కు తోచింది. కానీ గెలకు, మనిషికి తేడా ఉంది. గెలను కొక్కేనికి ఎవరో ఒకరు తగిలిస్తారు, మనిషి తానే ఎక్కాలి, అందులోనూ కాళ్లకు పొడవాటి స్కీలు కట్టుకుని ఎక్కాలి. అందుకని ఒమాహాలోని రైల్వే యార్డులో ఒక ట్రక్కు పక్కన కుర్చీని వేలాడదీసి, కాళ్లకు చక్రాల బూట్లు తొడుక్కున్న మనిషిని వేర్వేరు వేగాలతో వెనక నుంచి ఎక్కించుకుని పరీక్షించారు. గంటకు నాలుగైదు మైళ్లు, అంటే సెకనుకు దాదాపు రెండు మీటర్లు, సౌకర్యంగా ఉందని తేలింది. నా దృష్టిలో చైర్‌లిఫ్ట్ చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన పరీక్ష లేదు. ఎందుకంటే, కుర్చీని తాడుకు శాశ్వతంగా బిగించిన లిఫ్టులు నేటికీ స్కీయర్లను ఇంచుమించు ఆ వేగంతోనే, సెకనుకు రెండున్నర మీటర్లకు లోపే, మోస్తున్నాయి. తొంభై ఏళ్లలో మోటార్లు మారాయి, ఉక్కు మారింది, మోకాళ్లు మాత్రం మారలేదు. మామూలు నడక మనుషులు ఎక్కేచోట వేగం ఇంకా తగ్గించాలి.

ఇక ఆపితే ఏమవుతుందన్న విషయం. కుర్చీని ఆపాలంటే తాడును ఆపాలి, తాడు ఆగితే లైను మీదున్న కుర్చీలన్నీ గాలిలో ఆగిపోతాయి. ఎక్కే ప్రతి మనిషికీ అలా ఆపుతూ పోతే పైదాకా చేరేవారు ఉండరు. మీ అత్తగారి లాంటివారి కోసం తాడును బాగా నెమ్మది చేయించవచ్చు. సిబ్బందికి ముందే చెప్పడం మేలు, అది వారికి మామూలు పనే.

తాడును ఆపకుండా కుర్చీని మాత్రమే నెమ్మది చేసే ఉపాయం కూడా ఉంది. 1940లలోనే స్విట్జర్లాండ్‌కు చెందిన ఫాన్ రోల్ సంస్థ తాడు నుంచి విడిపోయే కుర్చీలను తయారుచేసింది. నలుగురు కూర్చునే వేగవంతమైన రకం 1981లో అమెరికాలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో వచ్చింది. ఈ రకంలో కుర్చీ పైన స్ప్రింగు బలంతో తాడును కరచుకునే దవడ ఉంటుంది. కుర్చీ స్టేషన్‌లోకి రాగానే దవడకున్న మీట ఒక పట్టా కిందికి దూరి నొక్కుకుంటుంది, దవడ తెరుచుకుంటుంది, తాడు తన దారిన తాను సెకనుకు ఐదు మీటర్ల వేగంతో పోతుంది. విడిపోయిన కుర్చీని పైనుంచి వరసగా అమర్చిన రబ్బరు టైర్లు అందుకుంటాయి. ఒక్కో టైరు ముందుదానికన్నా కాస్త నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, కుర్చీ వేగం సెకనుకు ఒక మీటరుకు దిగుతుంది. జనం ఎక్కాక మరో టైర్ల వరస దాన్ని మళ్లీ తాడు వేగానికి తెచ్చి పట్టిస్తుంది. పట్టు బిగిసిందో లేదో ప్రతిసారీ ఒక పరికరం కొలుస్తుంది, బలం చాలకపోతే లిఫ్టు తనంతట తానే ఆగిపోతుంది.

వేగం రెట్టింపయితే రెట్టింపు జనం వెళ్తారని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. ఎక్కడానికి ఒక్కో బృందానికి ఆరు సెకన్లు పడుతుందనుకుంటే, నలుగురి కుర్చీల లిఫ్టు ఏ రకమైనా గంటకు 2,400 మందినే తీసుకుపోతుంది. నెమ్మది లిఫ్టులో కుర్చీకీ కుర్చీకీ మధ్య 15 మీటర్లు, వేగం లిఫ్టులో 30 మీటర్లు, అంతే తేడా. తగ్గేది ప్రయాణ సమయమే కానీ కిందనున్న వరస కాదు.

మీరు చూసిన రాజగీర్ కుర్చీలు స్తూపం కట్టించిన జపాన్ బౌద్ధ గురువు నిచిదాత్సు ఫుజీ కానుక. ఆ స్తూపాన్ని 1969లో ప్రారంభించిన రాష్ట్రపతి వి.వి.గిరి మీ బరంపురంలో పుట్టినవారే.

ప్రశ్న: మా దామన్‌జోడిలో పంచపట్మాలి గని నుంచి బాక్సైట్ తెచ్చే కన్వేయర్ బెల్టు ఉక్కు తాళ్ల మీద ఆధారపడి నడుస్తుంది. చైర్‌లిఫ్ట్ తాడు కూడా చుట్టూ కలిసిన ఒకే వలయమట. దాని అతుకు ఎక్కడుంటుంది? ముడి ఉంటే కప్పీల మీద తట్టుకోదా?
– ఒక పాఠకుడు, దామన్‌జోడి

జవాబు: మీ ఊరి కన్వేయర్ పొడవు 14.6 కిలోమీటర్లు. బెల్టు ఖనిజాన్ని మోస్తుంది, లాగే బలాన్ని తాళ్లు భరిస్తాయి. చైర్‌లిఫ్ట్ కూడా ఇదే కుటుంబానికి చెందింది, ఎందుకంటే రెండింటికీ మూలం గనులలోని ఉక్కు తాడు. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల్లో, క్లౌస్టాల్ గనుల అధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలను పేని తాడు చేశాడు. అప్పటిదాకా వాడిన గొలుసులో ఒక్క లంకె తెగితే మొత్తం పడిపోయేది. పేనిన తాడులో ఒక తీగ తెగినా మిగతావి బరువు మోస్తాయి, తెగిన తీగ కంటికి కనబడి ముందే హెచ్చరిస్తుంది.

చైర్‌లిఫ్ట్ తాడుకు ముడి ఉండదు, వెల్డింగూ ఉండదు. మామూలుగా నడుమ ప్లాస్టిక్ కోర్, దాని చుట్టూ ఆరు పాయలు, ఒక్కో పాయలో ఎన్నో తీగలు ఉంటాయి. అతకాలంటే రెండు కొసలనూ ఎదురెదురుగా చాలా దూరం విప్పుతారు. ఒక కొసలోని పాయను వెనక్కి విప్పుకుంటూ పోయి, అది ఖాళీ చేసిన గాడిలోనే రెండో కొసలోని పాయను పేనుతారు. ఆరు పాయలూ ఆరు వేర్వేరు చోట్ల ఇలా కలుస్తాయి. కలిసిన ప్రతిచోటా రెండు పాయల కొసలను తాడు కడుపులోకి దూర్చి, అక్కడున్నంత మేర కోర్‌ను తీసేస్తారు. బరువు పడినకొద్దీ బయటి పాయలు లోపలి కొసలను ఇంకా గట్టిగా బిగిస్తాయి, అంటే ఈ అతుకును పట్టి ఉంచేది ఒరిపిడి ఒక్కటే. అతుకు పొడవు తాడు వ్యాసానికి కనీసం 1,200 రెట్లు ఉండాలని ప్రమాణం, కాబట్టి 40 మిల్లీమీటర్ల తాడుకు 48 మీటర్లు. ఇంత పొడవునా మందం దాదాపు ఒకేలా ఉండడం వల్ల, రబ్బరు పొదిగిన కప్పీల మీద అది తేలికగా దాటిపోతుంది. చేయి తిరిగిన పనివాడు వేసిన అతుకును దూరం నుంచి గుర్తుపట్టడం కష్టం.

మరొక మాట. శాశ్వతంగా బిగించిన కుర్చీలను కూడా కొంతకాలానికొకసారి విప్పి, తాడు వెంట కాస్త పక్కకు జరిపి మళ్లీ బిగిస్తారు. ఎప్పుడూ ఒకేచోట పట్టి ఉంటే ఆ భాగంలోని తీగలు అలసిపోతాయి. తాడు లోపల తెగిన తీగలను కనిపెట్టడానికి అయస్కాంత పరీక్ష కూడా చేస్తారు.

ప్రశ్న: పైకి వెళ్లే వైపే జనం ఉంటారు కదా, కరెంటు పోతే బరువుకు లిఫ్టు వెనక్కి జారదా? ఇంత బరువు లాగడానికి ఎంత మోటారు కావాలి?
– ఒక ఇంటర్ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మోటారు మీరు ఊహించినంత పెద్దదేమీ కాదు. ఎక్కే కుర్చీల బరువును దిగే కుర్చీల బరువు సరితూచుతుంది, అందువల్ల ఎత్తవలసింది మనుషులనే. గంటకు 2,400 మందిని, సగటున 75 కిలోల చొప్పున, 300 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి దాదాపు 147 కిలోవాట్లు, అంటే సుమారు 200 హార్స్‌పవర్ చాలు. ఒరిపిడికి, బయలుదేరేటప్పుడు వేగం అందుకోవడానికి దీనిపై కొంత కలుపుకోవాలి.

వెనక్కి జారడం గురించి మీరు అడిగింది ఈ యంత్రంలో అన్నిటికన్నా పెద్ద భయం. 2018 మార్చిలో జార్జియా దేశంలోని గుడౌరీలో ఒక చైర్‌లిఫ్ట్ నిజంగానే వెనక్కి తిరిగి వేగం పుంజుకుంది, జనం దూకి గాయపడ్డారు. ఇలా జరగకుండా మోటారు ఇరుసు మీద ఒక బ్రేకు, తాడును తిప్పే పెద్ద చక్రాన్ని నేరుగా పట్టేసే మరో బ్రేకు పెడతారు. మధ్యలో గేర్‌బాక్స్ విరిగినా రెండోది పనిచేయాలన్నది ఉద్దేశం. వీటికి తోడు, చక్రం వెనక్కి తిరగబోతే అడ్డుపడే ఏర్పాటు విడిగా ఉంటుంది. కరెంటు పోతే డీజిల్ ఇంజను తగిలించి లైనును నెమ్మదిగా ఖాళీ చేస్తారు. అదీ కుదరకపోతే సిబ్బంది నేల మీది నుంచి లైను తాడు మీదుగా సన్నని తాడు విసిరి, దానికి కట్టిన ఆసనంలో ఒక్కొక్కరినీ దించుతారు. క్యాబిన్ల రోప్‌వే లోతైన లోయల మీదుగా పోయినా, చైర్‌లిఫ్ట్ లైనును వీలైనంత వరకు నేలకు దగ్గరగా వేయడానికి ఇదొక ముఖ్య కారణం.