కారు కొనే ముందు ఆ స్క్రీన్ ఆపేయించి చూడు

చిరంజీవి అమ్ములుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు బ్రోషర్లూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఒకటి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ, ఇంకొకటి పెట్రోల్ సెడాన్. ఏది కొనమంటారని అడిగావు. చెప్తాను గానీ, ముందు ఆ బ్రోషర్ల సంగతి. స్క్రీన్ ఎన్ని అంగుళాలో, లోపలి లైటు ఎన్ని రంగులు మారుతుందో రెండిట్లోనూ పెద్దక్షరాల్లో ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉండగా బ్రేకు వేస్తే ఎన్ని మీటర్లలో ఆగుతుందో మాత్రం రెండిట్లోనూ లేదు. కార్ల పరిశ్రమ మీద నాకున్న కోపం చాలావరకు ఇదే. కనిపించేదాన్ని అమ్ముతారు, కాపాడేదాని ఊసు ఎత్తరు.

ఇప్పటి కార్లన్నీ పాడైపోయాయని, పాత కార్లే బంగారమని అనే మనిషిని కాను నేను. ఈ రోజు కొనే మంచి చిన్న కారు ప్రమాదంలో మనిషిని కాపాడినట్టు నా కుర్రతనంలోని పెద్ద కార్లు కాపాడేవి కావు. దాని వెనక ఎంతోమంది ఇంజనీర్ల కష్టం ఉంది. 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు, నడుముకీ భుజానికీ కలిపి వేసుకునే సీటు బెల్టు తయారుచేశాడు. ఆ పేటెంట్‌ను మిగతా కంపెనీలన్నీ వాడుకోవచ్చని వోల్వో చెప్పేసింది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో బాష్ వారి ఏబీఎస్ వచ్చింది, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 1995లో ఆ రెండు కంపెనీలే ఈఎస్‌పీ తెచ్చాయి. మలుపులో కారు అదుపు తప్పుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఏర్పాటు అది.

అది చిన్న కార్లలోకి ఎలా వచ్చిందో తెలుసుకో. 1997లో స్వీడన్‌లో ‘టెక్నికెన్స్ వార్ల్డ్’ అనే పత్రిక, మెర్సిడెస్ కొత్తగా తెచ్చిన ఏ-క్లాస్ కారును పరీక్షించింది. రోడ్డుకి అడ్డంగా పెద్ద జంతువు వస్తే స్టీరింగ్ ఒక పక్కకి కోసి మళ్లీ వెనక్కి తిప్పే పరీక్ష. ఆ కారు బోల్తా పడింది. కంపెనీ అమ్మినవాటిని వెనక్కి పిలిపించి, సస్పెన్షన్ మార్చి, అన్నిటికీ ఈఎస్‌పీ పెట్టింది. బయటివాళ్లు పరీక్ష చేసి, కొనేవాళ్లు గట్టిగా అడిగితేనే కంపెనీ కదిలింది. అందుకే నిన్ను అడగమంటున్నాను. సిగ్గుపడకుండా అడుగు. క్రాష్ టెస్ట్ రేటింగ్ ఉంటే అది ఏ సంవత్సరం పరీక్షో కూడా చూడు. పరీక్షలు ఏళ్లు గడిచేకొద్దీ కఠినమవుతున్నాయి కాబట్టి, పాత ఐదు నక్షత్రాలూ కొత్త ఐదు నక్షత్రాలూ సమానం కావు. ఏ వేరియంట్‌ను పరీక్షించారో, నువ్వు కొనే వేరియంట్‌లో కూడా అవే ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో కనుక్కో.

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూమ్ కుర్రవాడు ముందుగా స్క్రీన్ చూపిస్తాడు. కాసేపు దాన్ని ఆపేయమని చెప్పు. అప్పుడు సీట్లో కూర్చో. నడుముకి ఆసరా దొరుకుతోందా, తొడల కింద సీటు సరిపోతోందా, స్టీరింగ్ నీ ఎత్తుకు తగ్గట్టు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ కదులుతోందా చూసుకో. పక్క అద్దాల దగ్గర ముందు పిల్లర్ ఎంత లావుగా ఉందో చూడు. ఇప్పటి కార్లలో ఆ పిల్లర్లు బలం కోసం బాగా లావయ్యాయి, రోడ్డు దాటే మనిషి నిలువునా వాటి చాటున దాక్కుపోతాడు. తల కొంచెం ముందుకీ వెనక్కీ కదిపితే అటువైపు కనిపించాలి. వెనక అద్దం సన్నగా ఉంటే, కెమెరా ఉంది కదా మేడమ్ అంటారు. వాన పడితే, బురద పడితే కెమెరాకి కనిపించదు.

తర్వాత స్క్రీన్ వేయించు. కారు ఆగి ఉన్నప్పుడే, కళ్లు మూసుకుని ఏసీ తగ్గించడానికి ప్రయత్నించు. అద్దం మీద ఆవిరి పోగొట్టే బటన్ వేలికి తగులుతుందేమో చూడు. స్వీడన్‌లోనే ‘వి బిలాగరే’ అనే ఇంకో కార్ల పత్రిక 2022లో ఈ సంగతి తేల్చింది. కారు 110 కిలోమీటర్ల వేగంలో ఉండగా రేడియో మార్చడం, ఏసీ సర్దడం లాంటి నాలుగు పనులు చేయించింది. బటన్లు మాత్రమే ఉన్న 2005 నాటి వోల్వో వీ70లో పది సెకన్లలో అయిపోయాయి. టచ్‌స్క్రీన్ ఉన్న కొత్త కార్లలో ఒకదానికి దాదాపు 45 సెకన్లు పట్టింది. ఆ వేగంలో 45 సెకన్లంటే కిలోమీటరు పైన దూరం, ఆ దూరమంతా డ్రైవర్ చూపు స్క్రీన్‌కీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. బటన్ పెట్టాలంటే అచ్చు, వైరు, స్విచ్చు అన్నిటికీ ఖర్చు. స్క్రీన్‌లో ఇంకో బొమ్మ చేర్చడానికి ఆ ఖర్చు లేదు. బటన్లు మాయమవడానికి పెద్ద కారణం ఇదే, దానికి ఆధునికత అని పేరు పెట్టారు. యూరప్‌లో కార్లకు క్రాష్ టెస్టులు చేసి నక్షత్రాలిచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్లకి నిజమైన బటన్లో మీటలో లేకపోతే మార్కులు తగ్గించే నియమం పెట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

టైర్ల దగ్గర కొంచెం ఆగు. బ్రేకులు ఎంత గొప్పవైనా, ఈఎస్‌పీ ఎంత తెలివైనదైనా, రోడ్డును పట్టుకునేది అరచేయంత రబ్బరు నాలుగు చోట్ల, అంతే. డీలర్లు పెద్ద అల్లాయ్ చక్రాలున్న వేరియంట్ అంటగడతారు. చక్రం పెద్దదైతే టైరు పక్క గోడ పొట్టిదవుతుంది. గతుకులన్నీ నడుముకే తగులుతాయి, గుంటలో పడితే రిమ్ము వంగుతుంది, టైరు మార్చాల్సి వచ్చినప్పుడు ఖర్చు ఎక్కువ. అదే కారులో చిన్న చక్రాలున్న వేరియంట్ అడుగు. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, 3525 అని ఉంటే 2025లో 35వ వారంలో తయారైందని అర్థం. చాలాకాలం యార్డులో ఎండకు నిలబడ్డ కారు ఇస్తున్నారేమో అక్కడ తెలిసిపోతుంది.

సెడాన్ గురించి పెద్దగా చెప్పేది లేదు, రెండే ప్రశ్నలు. దాని ఇంజన్ చిన్న టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్. ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్‌కి చైన్ ఉందా, బెల్టా, బెల్టయితే ఆయిల్‌లో మునిగి తిరిగే రకమా అని అడుగు. ఆ రకమైతే చెప్పిన గ్రేడు ఆయిల్‌ను చెప్పిన గడువులోపే మార్చి తీరాలి, లేకపోతే బెల్టు పొరలు ఊడి ఆయిల్ దారి మూసుకుంటుంది. గేర్‌బాక్స్ డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే, క్లచ్‌కి ఆయిల్ చల్లదనం లేని రకం) అయితే, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలేవాళ్లకి నేను చెప్పను. క్లచ్ వేడెక్కుతుంది. క్లచ్ బదులు ద్రవం ద్వారా ఇంజన్ శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంటే నిశ్చింత.

ఎలక్ట్రిక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనసులో నువ్వు దానివైపే ఉన్నావని ఉత్తరం చదివితే తెలిసిపోయింది. మంచిదే. మోటారులో కదిలే భాగాలు తక్కువ, పికప్ అద్భుతం, బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. ఒక్కసారి నడిపితే ఆ నిశ్శబ్దం వదలబుద్ధి కాదు. కానీ బ్రోషర్‌లో రాసిన రేంజ్ ల్యాబ్‌లో కొలిచింది. డబ్ల్యూఎల్‌టీపీ అనే ఆ ల్యాబ్ పరీక్షలో సగటు వేగం గంటకు 50 కిలోమీటర్లు కూడా ఉండదు. హైవేలో గాలి అడ్డు వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 90లో వెళ్లేటప్పటి కంటే 120లో వెళ్లేటప్పుడు గాలి దాదాపు 1.8 రెట్లు గట్టిగా వెనక్కి నెడుతుంది. కాబట్టి దూరప్రయాణాలకి ఆ అంకెను బాగా తగ్గించుకుని లెక్క వేసుకో. ల్యాబ్ అంకెల్ని కళ్లు మూసుకుని నమ్మకూడదని 2015లో ఫోక్స్‌వాగన్ వ్యవహారం అందరికీ నేర్పింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగను పూర్తిగా శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌ను దాదాపు కోటీ పది లక్షల డీజిల్ కార్లలో పెట్టారు.

బ్యాటరీలో వాడిన రసాయనం ఎల్‌ఎఫ్‌పీనా (ఇనుము, ఫాస్ఫేట్ రకం), ఎన్‌ఎంసీనా (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) అడుగు. ఎల్‌ఎఫ్‌పీ బరువెక్కువ, చలిలో కొంచెం మందగిస్తుంది, కానీ ఎక్కువసార్లు చార్జింగ్ తట్టుకుంటుంది, తరచూ నిండా చార్జ్ చేసినా పెద్దగా అరగదు. ఎన్‌ఎంసీ అయితే రోజూ 80 శాతం దగ్గర ఆపడం మంచిది. చార్జింగ్ వేగం ఇన్ని కిలోవాట్లని గొప్పగా రాస్తారు, అది కొద్ది నిమిషాలే ఉండే శిఖరం. 10 శాతం నుంచి 80 శాతానికి ఎంతసేపు పడుతుందో అది అడుగు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లన్నది ఎలాగూ చెప్తారు. ఎంత శాతం కంటే సామర్థ్యం తగ్గితే మారుస్తారన్నది రాతపూర్వకంగా చూడాలి.

ఇంకో జాగ్రత్త, సాఫ్ట్‌వేర్. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో, కారులో ముందే బిగించి ఉన్న సీటు హీటర్‌కి నెలవారీ చందా అడిగింది. జనం మండిపడితే మరుసటి ఏడాది మానుకుంది. నువ్వు కొనే కారులో ఏవేవి చందా మీద నడుస్తాయి, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు, యాప్ పనిచేయకపోతే తలుపు తాళంతో తెరుచుకుంటుందా అని ముందే తేల్చుకో.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఇంట్లోనే చార్జర్ పెట్టుకునే వీలుందని, రోజూ తిరిగేది తక్కువని రాశావు కాబట్టి ఎలక్ట్రిక్ కొనమనే చెప్తాను. కానీ ఆ ఎస్‌యూవీ వద్దు. 2023లో ప్రపంచంలో అమ్ముడైన కొత్త కార్లలో సగానికి దగ్గరగా ఎస్‌యూవీలే. ఎత్తుగా కూర్చుంటే ధైర్యంగా ఉంటుందన్నది నిజమే. కంపెనీకి మాత్రం అదే ప్లాట్‌ఫామ్ మీద ఎత్తు పెంచిన బాడీ పెట్టి ఎక్కువ ధరకు అమ్మే మార్గం అది. ఎత్తు పెరిగితే గాలి అడ్డు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, మలుపులో ఒరుగుతుంది, అంతే దూరం వెళ్లడానికి ఇంకా పెద్ద బ్యాటరీ కావాలి. నువ్వు చూసిన ఎస్‌యూవీకి తోబుట్టువు లాంటి హ్యాచ్‌బ్యాక్ అదే కంపెనీ దగ్గర ఉంది. అదే మోటారు, అదే బ్యాటరీ, చార్జ్ చేస్తే ఇంకొంచెం దూరం వెళ్తుంది, నడపడానికి హాయిగా ఉంటుంది. పైగా అది మార్కెట్లోకి వచ్చి రెండేళ్లయింది. మొదటి ఏడాదిలో బయటపడే చిన్నాచితకా లోపాలు ఈపాటికి సర్దుకుని ఉంటాయి. ఎస్‌యూవీ ఇప్పుడే వచ్చింది, ఆ పరీక్ష నీ డబ్బుతో జరగనక్కర్లేదు.

ఆ హ్యాచ్‌బ్యాక్‌ను ఒకసారి రాత్రిపూట కూడా నడిపి చూడు, హెడ్‌లైట్ల వెలుతురు పగలు తెలియదు. బుక్ చేసేముందు వేరియంట్ పేరు, టైర్ల సైజు, వారంటీ కాగితాల ఫోటోలు నాకు పంపు. నేను చదివి చెప్పేదాకా అడ్వాన్స్ కట్టకు.

మీ పెదనాన్న