కేపర్లు, తాజా ఆకులు వంటలో ఎప్పుడు వేయాలి?

కేపర్లు వేస్తే వంటకం ఉప్పెక్కుతోందనీ, పార్స్లీ (కొత్తిమీర లాంటి ఆకు) వేసినా వాసన రావడం లేదనీ అడిగారు.

కేపర్ కాయ కాదు, విచ్చుకోని పూమొగ్గ. పచ్చిగా తింటే చేదు. ఉప్పులోనో వెనిగర్‌లోనో ఊరాకే ఆ పులుపు, ఆవపిండి లాంటి ఘాటు వస్తాయి. ఉప్పులో నిల్వ చేసినవైతే కడిగి, 15-20 నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. ఒకటి నోట్లో వేసుకుని చూడండి, ఇంకా ఉప్పగా ఉంటే నీళ్లు మార్చండి. వంటకంలో ఉప్పు మాత్రం కేపర్లు పడ్డాకే, రుచి చూసి వేయాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

నాకు బాగా ఇష్టం వేయించిన కేపర్లు. గుడ్డతో తడి అద్ది (తడి ఉంటే నూనె చిందుతుంది, జాగ్రత్త) వేడి ఆలివ్ నూనెలో వేస్తే, ఒకటి రెండు నిమిషాల్లో మొగ్గలు చిన్న పువ్వుల్లా విచ్చుకుని కరకరలాడతాయి. చేప మీద, ఉడికించిన బంగాళదుంపల మీద చల్లుకుంటే ఎంత బాగుంటాయో!

ఇక ఆకులు. థైమ్, రోజ్‌మేరీ గట్టివి, మొదట్లోనే నూనెలో పడాలి. పార్స్లీ, డిల్, బేసిల్ లేతవి, వేడికి వాటి సువాసన ఎగిరిపోతుంది. అందుకే స్టవ్ కట్టేశాక తరిగి కలపండి. కడిగిన ఆకులు బాగా ఆరాకే తరగాలి, లేకపోతే కత్తి కింద నలిగి ముద్దవుతాయి.