టికెట్ కొన్నాక మళ్లీ విరాళం ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: న్యూజెర్సీలో ఉంటున్నారు, చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నారు. ఆఫీసులో స్నేహితురాలు బ్రూక్లిన్‌లో ఒక సమకాలీన క్లాసికల్ బృందం కచేరీకి తీసుకెళ్తే చాలా నచ్చింది. ఇప్పుడు వాళ్ల దగ్గర్నుంచి విరాళం అడుగుతూ మెయిల్స్ వస్తున్నాయి. పాతిక డాలర్లు పెట్టి టికెట్ కొన్నాక మళ్లీ ఎందుకివ్వాలి, ఇస్తే ఎంత, ఎలా అని అడిగారు.

ఇవ్వండి. నెలనెలా కొంచెం ఇవ్వండి, ఫలానా పనికే వాడాలన్న షరతు పెట్టకుండా ఇవ్వండి. న్యూయార్క్‌లోని ఒక చిన్న బృందానికి నేను కొన్నేళ్లుగా అలాగే ఇస్తున్నాను. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన మనకు ఈ బృందాల ఖర్చు ఎక్కడ ఉంటుందో వెంటనే తట్టదు.

మన కచేరీల్లో వయొలిన్ ఆయన, మృదంగం ఆయన ఒక్కోసారి వేదిక మీదే మొదటిసారి కలుస్తారు. అయినా కచేరీ బ్రహ్మాండంగా నడుస్తుంది. రాగం, తాళం, కీర్తన అందరికీ తెలిసినవే, మిగతాది మనోధర్మం. పాశ్చాత్య సంగీతంలో కూడా బీథోవెన్ క్వార్టెట్ (నలుగురు వాయించే రచన) అంటే వాయించేవాళ్లకు చదువుకునే రోజుల నుంచీ పరిచయం, వినడానికి రికార్డింగులు బోలెడు. పోయిన నెల రాసిచ్చిన కొత్త రచనకు ఇవేవీ ఉండవు. అది ఎలా వినిపించాలో రాసినవాళ్లకే పూర్తిగా తెలియకపోవచ్చు. కాబట్టి ఈ సంగీతంలో డబ్బు ముఖ్యంగా రిహార్సల్‌కే పోతుంది.

నేనిచ్చే బృందం అప్పుడప్పుడూ దాతలను రిహార్సల్‌కు పిలుస్తుంది. మాన్‌హాటన్‌లో 37వ వీధిలో డిమెన్నా సెంటర్ అని ఉంది, ఊళ్లో చాలా బృందాలు అక్కడ గదులు అద్దెకు తీసుకుని సాధన చేస్తాయి. ఒకరోజు అక్కడ వైబ్రాఫోన్ (లోహపు పలకలను కర్రలతో కొట్టే వాద్యం) వాయించే అమ్మాయి కర్రలు పక్కన పెట్టి, డబుల్ బేస్ కమాను తీసుకుని, ఒక లోహపు పలక అంచు మీద నిలువుగా లాగింది. గాజు గ్లాసు అంచు మీద తడివేలు తిప్పినట్టు ఒక నాదం మెల్లగా పైకి లేచింది. అది పూర్తిగా నిలబడ్డాకే క్లారినెట్ పావు స్వరం కింద నుంచి అందుకోవాలి. కాగితం మీద రాసిన చోటే మొదలుపెడితే ముందొచ్చేసినట్టుంది, ఒక మాత్ర ఆగితే వెనకబడినట్టుంది. స్వరకర్త పెన్సిల్ పట్టుకుని పక్కనే కూర్చుంది. చివరికి లెక్క వదిలేయండి, నాదం విని రండి అని క్లారినెట్ భాగంలో ఒక బాణం గుర్తు గీసింది. కచేరీలో అర నిమిషం కూడా లేని ముక్క కోసం దాదాపు గంట గడిచింది. మీరు బ్రూక్లిన్‌లో విని ఇష్టపడినది కూడా ఇలాంటి గంటల ఫలితమే.

వీళ్లకు నెల జీతాలుండవు, చాలామంది ఫ్రీలాన్సర్లు. ఒక్కో రిహార్సల్‌కు, ఒక్కో కచేరీకి ఇంత అని ఇస్తారు. ఊరికే లెక్క కోసం చూడండి: నూట యాభై సీట్ల హాలు పూర్తిగా నిండి, టికెట్ 25 డాలర్లయితే వచ్చేది 3,750. పది మంది వాయిద్యకారులు, నాలుగు రిహార్సళ్లు, ఒక కచేరీ. ఒక్కోదానికి మనిషికి 150 డాలర్లు అనుకున్నా 7,500 అవుతుంది. ఇందులో హాలు అద్దె లేదు, వైబ్రాఫోన్, మారింబా లాంటివి అద్దెకు తెచ్చే ట్రక్కు లేదు, స్వరకర్త పారితోషికం లేదు, రికార్డింగ్ ఇంజనీర్ లేడు. హౌస్‌ఫుల్ అయిన రోజు కూడా టికెట్ల డబ్బు ఖర్చులో సగానికి రాదు.

మిగతాది ఫౌండేషన్లు ఇస్తాయి కదా అంటారేమో. ఇస్తాయి, కానీ ఎక్కువగా కొత్త రచన రాయించడానికో, దాని మొదటి ప్రదర్శనకో ఇస్తాయి. అదే రచనను రెండోసారి, మూడోసారి వాయిస్తేనే అది బతుకుతుంది, దానికి గ్రాంటు దొరకడం కష్టం. ఆఫీసు చూసుకునే ఒక్క మనిషి జీతానికి ఇంకా కష్టం. పైగా గ్రాంటు మన చేతుల్లో ఉండేది కాదు. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్, అప్పటికే మంజూరు చేసిన చాలా గ్రాంట్లను దేశమంతటా రద్దు చేసింది. సీజన్ మధ్యలో అలాంటి మెయిల్ వస్తే బృందం టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి. ఏ షరతూ లేకుండా నెలనెలా వచ్చే చిన్న మొత్తాల విలువ అప్పుడు తెలుస్తుంది.

పేరున్నవాళ్లకు కూడా ఈ సంగీతం కూడు పెట్టడానికి చాలా కాలం పట్టింది. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ రాసిన ఒపెరాను (సంగీత నాటకాన్ని) 1976లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లో ప్రదర్శించారు. ఆ తర్వాత కూడా ఆయన టాక్సీ నడిపే పనికే తిరిగి వెళ్లాడు. మనవైపు విజయనగరంలో 1919లో మహారాజు సంగీత కళాశాల పెట్టించాడు, ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. అమెరికాలో మహారాజులు లేరు, ఆ పని షికాగోలో వైన్ దిగుమతి చేసుకునే వ్యాపారి పాల్ ఫ్రామ్ లాంటివాళ్లు చేశారు. ఆయన 1952లో పెట్టిన ఫౌండేషన్ ఇప్పటికీ కొత్త రచనలు రాయిస్తోంది. అయితే మనలాంటి ఉద్యోగస్తులకు నేను చెప్పే ఉదాహరణ వేరు. బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ అనే న్యూయార్క్ సంస్థ 1997లో పీపుల్స్ కమిషనింగ్ ఫండ్ మొదలుపెట్టింది. వందలమంది దగ్గర చిన్నా పెద్దా మొత్తాలు పోగుచేసి, ఆ డబ్బుతో స్వరకర్తలచేత కొత్తవి రాయిస్తారు. గుడి ఉత్సవానికి చందాలు వేసుకునే ఊళ్లనుంచి వచ్చిన మనకు ఇది కొత్తేమీ కాదు.

ఇక ఎలా ఇవ్వాలి అన్నది. ముందు ఆ బృందం 501(సి)(3) సంస్థేనా, అంటే విరాళాలకు పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థేనా అని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో చూడండి, పేరు కొడితే చాలు. వాళ్లు ఏటా ఆ శాఖకు ఇచ్చే జమాఖర్చుల పత్రం, ఫారం 990 కూడా ఎవరైనా చదవొచ్చు. ఏడాది రాబడి సాధారణంగా 50,000 డాలర్లు దాటని బృందాలు పోస్టుకార్డంత సమాచారమే ఇస్తాయి, అలాంటప్పుడు డబ్బు దేనికి పోతోందో వాళ్లనే అడగండి, సంతోషంగా చెబుతారు. కొన్ని చిన్న బృందాలకు సొంత రిజిస్ట్రేషన్ ఉండదు, ఫిస్కల్ స్పాన్సర్ అనే వేరే సంస్థ ద్వారా తీసుకుంటాయి. రసీదు ఆ సంస్థ పేరు మీద వస్తే కంగారు పడకండి.

మీ కంపెనీలో విరాళానికి సమానంగా వాళ్లూ ఇచ్చే స్కీమ్ ఉందేమో కనుక్కోండి. చాలామంది మనవాళ్లు గుళ్లకు, తెలుగు సంఘాలకు దీన్ని వాడతారు, సంగీత బృందాలకు వాడొచ్చని గుర్తే రాదు. మీ ఇరవై డాలర్లు అక్కడే నలభై అవుతాయి.

పన్ను సంగతి: 2025కి భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులేవీ చూపకుండానే ఆదాయంలోంచి తగ్గించే మొత్తం, 31,500 డాలర్లు కాబట్టి చిన్న విరాళాలతో చాలామందికి తేడా ఉండదు. 2026 నుంచి మాత్రం ఐటమైజ్ చేయనివాళ్లు (ఖర్చులు విడివిడిగా చూపించనివాళ్లు) కూడా నగదు విరాళాల్లో ఒక్కరైతే 1,000, జంటగా అయితే 2,000 డాలర్ల వరకు పన్ను పడే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన ఇస్తే రాతపూర్వక రసీదు తప్పనిసరి. గాలా డిన్నర్ (విరాళాల కోసం పెట్టే విందు) టికెట్ కొంటే భోజనం విలువ తీసేసి మిగతాదే విరాళం కింద లెక్కకొస్తుంది. నాకైతే గాలాలంటే పెద్ద ఇష్టం లేదు, పూలకీ భోజనాలకీ పోయే డబ్బు ఒక రిహార్సల్‌కు పోతే బాగుండునని అనిపిస్తుంది.

ఎంత అంటే, మీరు మర్చిపోగలిగినంత. నేను నెలకు ఇరవైతో మొదలుపెట్టి, జీతం పెరిగాక నలభై చేశాను. ఏదైనా ఇబ్బంది వస్తే ఆపేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇచ్చాక మాత్రం, నేను వయొలిన్ నేర్చుకున్నాను, ఒక రిహార్సల్ చూడనిస్తారా అని మెయిల్ పెట్టండి. ఇంత చిన్న బృందాల్లో దానికి జవాబు రాసేది చాలాసార్లు వాయించేవాళ్లలోనే ఒకరు, వీలుంటే స్కోరు (రచన రాసిన కాగితాల) కాపీ ఒకటి మీ చేతిలో పెట్టి మరీ కూర్చోబెడతారు.