షోల ఆదాయం మీద ఇంటి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, ఉండేది హైదరాబాద్‌లో. ఊరూరా తిరిగి తెలుగు స్టాండప్ షోలు చేస్తాను, సినిమాల్లో చిన్న పాత్రలు వేస్తాను. 2025-26లో షోల మీద 16 లక్షలు, సినిమాల మీద 8 లక్షలు వచ్చాయి. ప్రయాణాలకు, షోలకు 6 లక్షలు ఖర్చయింది. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ కలిపి వచ్చింది 90 వేలే. అద్దె 18 వేలతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 60 వేలు. బ్యాంకులో 3 లక్షలున్నాయి. 80 లక్షల ఫ్లాట్ ఒకటి చూశాం. నాన్న తన రిటైర్మెంట్ డబ్బులోంచి 20 లక్షలు ఇస్తానంటున్నారు. మిగతా 60 లక్షలకు లోన్ తీసుకోవచ్చా? భార్య, మూడేళ్ళ పాప నా మీదే ఆధారపడి ఉన్నారు.

జవాబు: ఈ ఏడాది వద్దు. మీ సంపాదన తక్కువని కాదు, అది వచ్చే తీరు చూసి చెబుతున్నాను.

60 లక్షల లోన్‌కు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకు ఈఎంఐ సుమారు 52 వేలు. ఏడాది మొత్తంగా చూస్తే మీకొచ్చేది సరిపోతుంది. కానీ ఈఎంఐ నెల నెలా కట్టాలి. అద్దె 18 వేలు మిగిలినా ఇంటి ఖర్చు 42 వేలు, ఈఎంఐ 52 వేలు, కలిపి నెలకు 94 వేలు కావాలి. షోలు లేని ఆ మూడు నెలలకు అది 2.82 లక్షలు. వచ్చే 90 వేలు పోను దాదాపు రెండు లక్షలు బ్యాంకులోంచే తీయాలి. అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది మధ్యలోనే వాయిదాల్లో ముందుగా కట్టే ఆదాయ పన్ను, దాని మొదటి వాయిదా గడువు జూన్ 15 కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది.

మీరు పంపిన కాగితంలో విశాఖ షో లెక్క చూశాను. వచ్చింది 45 వేలు. రైలు, రూమ్, మైక్ అద్దె, మీకంటే ముందు పది నిమిషాలు చేసిన కుర్రాడికి ఇచ్చింది పోగా మిగిలింది 21 వేలు. ఇంత శ్రద్ధగా రాసుకున్నందుకు చాలా సంతోషం. ప్రతి షోకూ ఇలాగే రాయండి. మీ అసలు ఆదాయం ఈ 21 వేలే.

ఫ్లాట్ కంటే ముందు తేల్చుకోవాల్సింది జీఎస్టీ. సేవలు అందించేవారి రాబడి ఏడాదిలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఖర్చులు తీసేసిన లాభాన్ని కాదు, వచ్చిన మొత్తాన్ని చూస్తారు. షోలవీ సినిమాలవీ కలిపి మీది 24 లక్షలు. ఆ పరిమితి దాటాక వచ్చిన 4 లక్షలకు 18 శాతమంటే 72 వేలు. నిర్వాహకుల దగ్గర మీరు అది విడిగా తీసుకోలేదు కాబట్టి మీ జేబులోంచే పోవచ్చు. ఈ వారమే సీఏను కలవండి.

ఆదాయ పన్నులో, మొత్తం రాబడిలో సగమే లాభంగా చూపితే చాలని స్నేహితుడు చెప్పాడన్నారు. ఆ వెసులుబాటు కొన్ని వృత్తులకే ఉంది. వాటిలో సినిమా కళాకారులున్నారు, స్టేజీ మీద కామెడీ చేసేవారి పేరు లేదు. అందుకే షోల ఖర్చులకు బిల్లులన్నీ దాచండి. ఖర్చులు పోను 18 లక్షల మీద కొత్త విధానంలో పన్ను సెస్‌తో కలిపి 1,66,400. సినిమాల డబ్బులో 10 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను) కోశారంటే అందులో 80 వేలు ఇప్పటికే కట్టినట్టే. అయితే ఆ మొత్తం మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయ పన్ను పోర్టల్‌లో చూసుకోండి. కోసిన డబ్బును ప్రభుత్వానికి కట్టనివాళ్ళూ ఉంటారు.

ఇకనుంచి షోల డబ్బూ, సినిమాల డబ్బూ ఒకే ఖాతాలో పడాలి. ప్రతి చెల్లింపులోంచీ పది శాతం పన్ను కోసం పక్కన పెట్టండి. నిర్వాహకుల దగ్గర జీఎస్టీ వసూలు చేస్తే ఆ డబ్బు పూర్తిగా వేరు, దాన్ని ముట్టుకోవద్దు. ఒకటో తారీఖున ఇంటి ఖాతాకు 60 వేలు జీతంలా పంపండి. డిసెంబరులో నాలుగు లక్షలు వచ్చినా 60 వేలే. మొదట్లో కష్టంగా ఉంటుంది కానీ, మే నెలలో మీ ఆవిడకు టెన్షన్ ఉండదు.

మిగిలినదానితో తొమ్మిది నెలల ఖర్చు, అంటే 5.4 లక్షలు లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో చేర్చండి. ఇంత ఎందుకంటే మీ పని గొంతు మీద నడుస్తుంది. కాలు విరిగితే వారం వారం కొంత చెల్లించే ప్రమాద బీమా పాలసీలున్నాయి. గొంతు పోయి నెల రోజుల షోలు రద్దయితే వాటి నుంచి రూపాయి రాదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా), ముగ్గురికీ ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

నాన్నగారి 20 లక్షలు ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మీకు ముప్పై ఏళ్ళ సంపాదన ముందుంది, ఆయనకు మళ్ళీ జీతం రాదు.

వచ్చే ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీతం తగ్గించకుండా, అప్పు చేయకుండా గడిపి చూడండి. గడిచిందంటే, రెండు మూడేళ్ళ రిటర్నులు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి. అప్పుడు కూడా 60 లక్షలు కాదు, 35 లక్షలకు మించని లోన్ అడగండి.