వలస గద్దల కాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దసరా నాడు పాలపిట్టను చూసి మళ్ళిన జనం ఇక ఆకాశం వైపు చూడరు. ఉత్తరాది నుంచి గద్దల రాక ఊపందుకునేది మాత్రం ఆ రోజుల్లోనే. ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చాయి. అందుకే జవాబులన్నీ ఇక్కడి గుట్టలు, చెల్కలు, చెరువులను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ఆరుగురు మిత్రులం అప్పన్నపల్లి దగ్గరి ఎకో పార్కుకు పొద్దున్నే నడకకు వెళ్తాం. ఈ అక్టోబరు నుంచి ఆదివారాలు అక్కడే కూర్చుని వలస గద్దలను చూడాలనుకుంటున్నాం. ఏ వేళకు వెళ్ళాలి? ఎటు చూడాలి?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

నడక వేళకు పోతే గద్దలు కనిపించవు. వెడల్పాటి రెక్కలున్న గద్దలు వేడిగాలిని నమ్ముకుని ప్రయాణిస్తాయి. ఎండకు నేల కాగి గాలి పైకి లేస్తే, ఆ సుడిలో రెక్క ఆడించకుండా తిరుగుతూ ఎత్తుకు చేరి, అక్కడి నుంచి తర్వాతి సుడి దాకా జారిపోతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన దగ్గర ఇది తొమ్మిది దాటాక గానీ మొదలుకాదు. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కూర్చోండి. ఆ తర్వాత పక్షులు మరీ ఎత్తుకు పోయి కంటికి ఆనవు. బండరాతి గుట్టలు త్వరగా కాగుతాయి, చెరువు నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి. కాబట్టి మొదట గుట్టల మీది ఆకాశాన్నే వెతకాలి. వాయుగుండం పట్టి ముసురు కురిసిన రోజుల్లో గద్దలు ఆగిపోతాయి. మబ్బు విడిచి ఈశాన్యపు గాలి తిరిగిన మొదటి రెండు రోజులు మాత్రం వదులుకోకండి.

చెట్ల నీడన కూర్చుంటే ఆకాశం ముక్కలుగా కనిపిస్తుంది. ఉత్తరం, ఈశాన్యం దిక్కులు నేల అంచు దాకా తెరిచి ఉండే ఎత్తైన చోటు చూసుకోండి. ఆ నెలల్లో పొద్దుటి సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. ఉత్తరానికి ముఖం పెడితే ఎండ మీ వీపు మీద, వెలుగు పక్షి మీద పడుతుంది. దక్షిణం వైపు చూస్తే ఏ గద్దయినా నల్లటి నీడలాగే ఉంటుంది, రంగు తెలియదు. సూర్యుడికి దగ్గరగా బైనాక్యులర్ తిప్పాల్సి వస్తే ముందు ఏ స్తంభమో కొమ్మో అడ్డం వచ్చేలా నిలబడండి. బైనాక్యులర్‌లోంచి సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా కన్ను దెబ్బతింటుంది.

ఆరుగురున్నారు కాబట్టి దిక్కుకొకరు, నడినెత్తికి ఒకరు, రాయడానికి ఒకరు. అరగంటకోసారి చోట్లు మార్చుకోండి, లేకపోతే చూపు మొద్దుబారుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీల మేర ఉంటుంది. గుట్టల అంచు మీద ఒక పిడికిలి ఎత్తు పట్టీని ఎడమ నుంచి కుడికి మెల్లగా బైనాక్యులర్‌తో చూడండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ పైపట్టీ. ఒట్టి నీలాకాశాన్ని చూస్తూ ఉంటే ఆనడానికి ఏమీ లేక కంటి ఫోకస్ దానంతటదే దగ్గరికి వచ్చేస్తుంది. ఎదురుగా ఉన్న గద్ద కూడా కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. నిమిషానికోసారి దూరపు గుట్ట మీదో మబ్బు అంచు మీదో చూపు నిలపండి, బైనాక్యులర్ ఫోకస్ కూడా అక్కడే సరిచేసుకోండి.

పక్షిని మిగతావాళ్ళకు చూపించే భాష ముందే అనుకోవాలి. ‘అదిగో, అక్కడ’ అంటే అయిదుగురూ అయిదు వైపులు చూస్తారు. ఉత్తరాన్ని పన్నెండు గంటలనుకుని ‘రెండు గంటల దిక్కు, సెల్ టవర్ మీద మూడు పిడికిళ్ళు, కుడికి పోతోంది’ అని చెబితే అందరికీ దొరుకుతుంది.

ప్రశ్న: అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉండే మా అబ్బాయి ఏటా సెప్టెంబరులో కొండమీద పార్కుకు పోయి ఒక్కరోజులో వందల గద్దలను చూస్తాడు. నల్లగొండలో నేను ఎంత చూసినా పదికి మించవు. మన దగ్గర గద్దలు తగ్గిపోయాయా?
– నల్లగొండ పాఠకురాలు

తేడా ముఖ్యంగా నేల తీరులో ఉందమ్మా. పెన్సిల్వేనియాలో కొండల వరుసలు ఈశాన్యం నుంచి నైరుతికి పొడుగ్గా సాగుతాయి. వాటికి తగిలి పైకి లేచే గాలిని పట్టుకుని గద్దలు ఒకే బాటలో పోతాయి. అక్కడి హాక్ మౌంటెన్‌లో ఒకప్పుడు జనం గద్దలను తుపాకులతో కాల్చేవారు. 1934లో రోసలీ ఎడ్జ్ అనే ఆమె ఆ కొండను లీజుకు తీసుకుని ఆ వేటను ఆపించింది, ఇప్పుడక్కడ ఏటా లెక్క కడతారు. మీ అబ్బాయి సెప్టెంబరు మధ్యలో చూసేవి చాలావరకు బ్రాడ్‌వింగ్డ్ హాక్‌లు. అవి గుంపులు కట్టి దక్షిణ అమెరికా దాకా పోతాయి. మెక్సికోలోని వెరాక్రూజ్ దగ్గర కొండలకూ సముద్రానికీ మధ్య నేల సన్నబడటంతో ఒక్క సీజన్లో లక్షల గద్దలు అక్కడి నుంచే సాగుతాయి.

మన దక్కన్‌లో అలాంటి ఇరుకు లేదు. వచ్చే పక్షులు పీఠభూమి అంతటా పరచుకుని దిగుతాయి. మూడు గంటల్లో పది కనిపించాయంటే మీరు బాగానే చూస్తున్నారు. మనకున్న భాగ్యం వేరే. ఇక్కడ గద్దలు దాటిపోవడంతో సరిపెట్టవు, చాలా జాతులు మార్చి దాకా మన చెల్కల్లోనే ఉండిపోతాయి. ఉదయసముద్రం కట్ట మీద నిలబడి జమ్ము మీదుగా చూడండి. రెక్కలు కాస్త పైకెత్తి నీళ్ళకు దగ్గరగా తేలే మార్ష్ హారియర్ అనే పిల్లిగద్దను చలికాలమంతా వెతకవచ్చు.

ప్రశ్న: ఊళ్ళో ఉండే గద్దకూ వలస వచ్చినదానికీ తేడా ఎలా పట్టాలి?
– దేవరకొండ పాఠకుడు

రంగు చూడకండి, ఆకారం చూడండి. తోక చివర నొక్కు ఉండి, గాలిలో తోకను అటూ ఇటూ మెలిపెట్టేది మామూలు నల్లగద్ద. దీన్ని ముందు బాగా గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్టే, మిగతావన్నీ దీనితో పోల్చే తెలుస్తాయి. రెక్కల కొసలు మొనదేలి ఉంటే డేగ (ఫాల్కన్) జాతి. పొట్టి గుండ్రటి రెక్కలు, పొడవు తోకతో నాలుగైదుసార్లు రెక్కలాడించి కాసేపు జారితే జాలె డేగ గానీ, చలికాలంలో వచ్చే స్పారోహాక్ గానీ అయివుంటుంది. తల చిన్నగా మెడ ముందుకు సాగి రెక్కలు వెడల్పుగా ఉంటే తేనెగద్ద. వెడల్పు రెక్కల చివర ఈకలు వేళ్ళలా విడివడితే పెద్ద గద్దల్లో ఏదో ఒకటి.

గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచేవాటి దగ్గర ఎక్కువమంది తికమకపడతారు. తెల్లగా, భుజం మీద నల్లమచ్చతో, ఏడాది పొడవునా కరెంటు తీగల మీద కూర్చునేది అడవి రామదాసు. ఇటుకరంగు వీపు, పొడవు తోక ఉండి చలికాలంలోనే కనిపించేది తొండలగద్ద. వీటికన్నా చాలా పెద్దదిగా, కింద తెల్లగా ఉండి అలాగే నిలిచేది పాముల గద్ద. అది ఇక్కడిదే.

ఒక గద్ద అరగంటగా మీ నెత్తిమీదే తిరుగుతుంటే అది మేత వెతుక్కుంటోందన్న మాట. సుడిలో పైకెక్కి, రెక్కలు కొంచెం ముడిచి, నేరుగా దక్షిణానికో నైరుతికో జారిపోయినదాన్నే దారిన పోయేదిగా రాసుకోండి.

ప్రశ్న: ఒకే గుంపును నేను పద్నాలుగన్నాను, నా స్నేహితుడు ఇరవై అన్నాడు. ఎవరిది రాయాలి?
– వనపర్తి పాఠకుడు

సుడి తిరుగుతున్నప్పుడు ఇద్దరూ లెక్కపెట్టారు, అందుకే తేడా వచ్చింది. తిరిగే గుంపులో ఒకే పక్షి రెండుసార్లు లెక్కకు వస్తుంది, ఇంకొకటి అసలు రాదు. పైకెక్కిన గుంపు ఒకదాని వెనక ఒకటిగా జారడం మొదలుపెట్టేదాకా ఆగండి. అప్పుడు ఒక చెట్టు కొననో టవర్‌నో గీతగా పెట్టుకుని, దాన్ని దాటినవాటినే ఒక్కరు పైకి లెక్కపెట్టాలి, రెండోవారు రాయాలి. గంటగంటకూ కొత్త వరుస: టైము, జాతి, సంఖ్య, పోయిన దిక్కు, ఎత్తు (ఉత్త కంటికి కనిపించిందా, బైనాక్యులర్‌కేనా), గాలి, మబ్బు. ఒక్క గద్దా రాని గంటలో సున్నా వేయండి. ఎన్ని గంటలు కూర్చుంటే ఎన్ని వచ్చాయో తెలిస్తేనే వచ్చే ఏటితో పోల్చగలం. గుర్తుపట్టలేనిదాన్ని ‘తెలియని గద్ద’ అనే రాయండి. ఊహించి రాసిన పేరు లెక్క మొత్తాన్నీ పాడుచేస్తుంది.

ప్రశ్న: మాగనూరు దిక్కు మాకు కొంత బీడు ఉంది. చలికాలం పొద్దుగూకే యాళ్ళకు బూడిదరంగువి, గోధుమరంగువి గద్దలు వచ్చి గడ్డిల దిగుతయి. కోళ్ళను ఎత్తుకపోతయని మావోళ్ళు గడ్డికి అగ్గి పెడదామంటున్నరు. పెట్టొచ్చా?
– ఒక రైతు, నారాయణపేట జిల్లా

దయచేసి పెట్టకండి. మీ బీడులో దిగుతున్నవి పిల్లిగద్దలు. హారియర్లంటారు. కజకిస్తాన్ వంటి మధ్య ఆసియా గడ్డినేలల్లో గూళ్ళు పెట్టి, సెప్టెంబరు చివర నుంచి మన వైపు వస్తాయి, మార్చి, ఏప్రిల్‌లో మళ్ళిపోతాయి. వీటిలో మాంటెగ్యు హారియర్ మగది మూడు వందల గ్రాములు కూడా తూగదు. ఎదిగిన కోడిని ఎత్తే బలం దానికి లేదు. కోడిపిల్లల్ని తన్నుకుపోయేది ఊళ్ళో ఉండే నల్లగద్ద, జాలె డేగ. పిల్లిగద్దల మేత మిడతలు, ఎలుకలు, తొండలు, చిన్న పిట్టలు. మీ కంది చేనుకూ జొన్న చేనుకూ అవి మేలే చేస్తాయి.

ఇవి చెట్టెక్కి పడుకోవు. మోకాలెత్తు గడ్డిలో, ఒక్కోటి తన మేరకు గడ్డిని అణచుకుని నేలమీదే నిద్రపోతాయి. రాత్రి నిప్పంటుకున్నా, చీకట్లో ట్రాక్టరు దిగినా, కుక్కలు పడ్డా తప్పించుకోవడం కష్టం. కదిలించకుండా ఉంటే ఏటా అదే బీడుకు వస్తాయి. గుజరాత్‌లోని వేలావదర్, నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు ఇలాంటి గడ్డినేలల వల్లే పేరుపొందాయి. మీ బీడు కూడా ఆ కోవలోదే.

చేయవలసింది ఇది. సెప్టెంబరు చివర నుంచి ఏప్రిల్ చివరిదాకా ఆ గడ్డి కోయకండి, తగలబెట్టకండి. గడ్డి అవసరమైతే పక్షులు దిగే జాగా వదిలి, చుట్టుపక్కల కోసుకోండి. పశువులను పొద్దెక్కాక మేపుకోవచ్చు, నాలుగు గంటలకల్లా బయటికి తోలేయండి. దున్నాల్సి ఉంటే ఏప్రిల్ చివరిదాకా ఆగండి. ఎలుకల మందు పెడితే బొరియ లోపలే పెట్టి మూసేయండి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చండి, వాటిని తిన్న గద్దకూ విషం ఎక్కుతుంది.

చూడటానికి వచ్చే మిత్రులకూ ఒక మాట. పొద్దుగూకడానికి గంట ముందే చేరుకుని, కనీసం మూడు వందల మీటర్ల దూరంలో, దారి మీదే ఆగండి. గడ్డిలోకి అడుగు పెట్టవద్దు. టార్చి, ఫ్లాష్, డ్రోన్ అసలే వద్దు. దిగిన పక్షులు కొన్ని మళ్ళీ లేచి చోటు మారుస్తాయి. కాబట్టి వచ్చినవాటిని ఒకరు, లేచిపోయినవాటిని ఒకరు లెక్కపెట్టి, చూపు ఆనేదాకా ఉండి తీసివేత చేయాలి. మగవాటిలో బూడిదరంగు రెక్క మీద నల్లగీత ఉంటే మాంటెగ్యు. దాదాపు తెల్లగా ఉండి, రెక్క కొసన సన్నటి నల్లముక్క మాత్రమే ఉంటే పాలిడ్. ఈ పాలిడ్ హారియర్ ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న పక్షి. ఆడవీ పిల్లవీ గోధుమరంగులో, తోక మొదట్లో తెల్లపట్టీతో ఒకేలా ఉంటాయి. మసక వెలుతురులో వాటిని విడదీయాలని ప్రయత్నించక ‘ఆడ లేదా పిల్ల’ అని రాయండి. ఎక్కడ దిగుతున్నాయో కచ్చితమైన చోటును బయటపెట్టవద్దు. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో రాసినా మండలం దగ్గరే ఆపండి.

కృష్ణజింకలు తిరిగే ఆ చెల్కలను కాగితాల్లో బంజరు అంటారు. ప్లాట్లకో సోలార్ పలకలకో ముందుగా పోయేది ఆ నేలే. మీలాంటి రైతు ఒక్కరు బీడును నిలిపితే, దాని మీద ఆధారపడిన పక్షులన్నిటికీ చలికాలం గడుస్తుంది. మీకు మా నమస్కారం.

ప్రశ్న: ఏ బైనాక్యులర్ కొనాలి?
– మిర్యాలగూడ విద్యార్థి

8×42. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లదైతే చేతి వణుకు ఎక్కువ కనిపిస్తుంది, చూపుమేర ఇరుకవుతుంది, కొత్తవాళ్ళకు ఎగిరే పక్షి అందులో దొరకదు. కళ్ళద్దాలుంటే ఐ రిలీఫ్ (కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం) కనీసం 15 మిల్లీమీటర్లున్నది చూడండి. యాభై, వంద రెట్ల జూమ్ అని అమ్మే చవకరకాలు కొనవద్దు.

ప్రశ్న: నాగాలాండ్ నుంచి వచ్చే చిన్న డేగలు మన మీదుగా పోతాయని విన్నాను. నిజమేనా?
– నాగర్‌కర్నూల్ ఉపాధ్యాయురాలు

నిజమే, వాటి పేరు అముర్ ఫాల్కన్. సైబీరియా తూర్పు భాగం, ఉత్తర చైనాల్లో గూళ్ళు పెట్టి, చలికాలానికి ఆఫ్రికా దక్షిణ భాగానికి పోతాయి. బరువు నూట యాభై గ్రాముల అటూ ఇటూ. అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర లక్షల్లో ఆగి ఉసిళ్ళు తిని కొవ్వెక్కుతాయి. 2012లో అక్కడ వలలు పెట్టి వేలకొద్దీ పట్టి చంపిన సంగతి బయటికి రాగా, ఆ ఊళ్ళవాళ్ళే పూనుకుని మరుసటి ఏడు వేట ఆపారు. 2013 నుంచి కొన్నిటికి శాటిలైట్ ట్యాగులు కట్టి చూస్తే, ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీద ఎక్కడా వాలకుండా సోమాలియా వైపు పోతున్నాయని తేలింది. అదే కాలంలో తూనీగలూ సముద్రం దాటుతాయి. దారిలో ఈ డేగలకు అవే మేత అయివుంటాయని పరిశీలకుల అంచనా.

మన దగ్గర చాలావరకు ఎత్తులోనే దాటిపోతాయి, కనిపించడం అదృష్టం. నవంబరులో, వాన వెలిసి ఈశాన్యపు గాలి బలంగా ఉన్న రోజు, పొలాల మధ్య తీగల వరుసలు వెతకండి. మగది ముదురు బూడిదరంగు, తొడలు ఇటుకరంగు, ఎగిరినప్పుడు రెక్కల కింద ముందుభాగం తెల్లగా మెరుస్తుంది. ఆడదానికి తెల్లటి పొట్ట మీద నల్లమచ్చలు. ఫొటో తీయగలిగితే తీయండి, పిల్లలకు పటంలో దాని దారి చూపించండి.

ప్రశ్న: సంక్రాంతప్పుడు మాంజా చుట్టుకుని గద్ద పడితే ఏం చేయాలి?
– సూర్యాపేట పాఠకుడు

ముందు మందపాటి తువ్వాలు తలతో సహా కప్పండి. చీకటైతే అది శాంతిస్తుంది. ముక్కు కన్నా కాలిగోళ్ళే ప్రమాదం, తువ్వాలు మీదుగా రెండు కాళ్ళూ కలిపి పట్టుకోండి. దారాన్ని లాగవద్దు, గాయం లోతవుతుంది. చిక్కుకు అటూ ఇటూ కత్తిరించి, చర్మంలో దిగినదాన్ని పశువైద్యుడికే వదిలేయండి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో అడుగున పాతగుడ్డ పరచి పెట్టండి. పంజరంలో పెడితే రెక్కల ఈకలు విరుగుతాయి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం పెట్టకండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. అమ్మేవాళ్ళు కనిపిస్తే పోలీసులకు చెప్పండి. గద్దను అదే రోజు అటవీశాఖ సిబ్బందికి అప్పగించండి. కోలుకునేదాకా అని ఇంట్లో ఉంచుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమవుతుంది.