కాంటా ఎక్కించకుండా కొనకు బిడ్డా

నల్లగొండ

చిట్టి తల్లికి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు టెక్సాస్‌లో విమానం కొంటున్నావని మీ నాయిన రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి చెప్పాడు. నాలుగు సీట్ల సెస్నా 172, 1978 మోడల్, ఆపదలో విమానం మొత్తాన్నీ మెల్లగా కిందికి దించే పారాచూట్ కూడా వెనకాల బిగించి ఉందట. చెప్తుంటే వాడి గొంతు వణికింది. 2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి ఒక ఆడపిల్ల చనిపోయింది కదా, వాడికి ఇప్పటికీ అదే కళ్లముందు ఉంది. నాకూ నిద్ర పట్టలేదు. ముప్పై రెండేళ్లు ఎవరెవరి విమానాల కిందో పడుకుని నట్లు బిగించినవాణ్ణి. మా ఇంటి పిల్ల సొంత విమానం కొంటుందంటే తెల్లారేదాకా అదే తలుచుకుంటూ కూర్చున్నా.

నీకు తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మేవాళ్ల మెకానిక్ మాట నమ్మకు, నీ మెకానిక్‌తో చూపించు. ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రిజిస్ట్రీలో దాని మీద అప్పులేమీ లేవని తేల్చుకో. విమానానికి చేసిన పనులన్నీ రాసే లాగ్‌బుక్కులు మొదటి రోజు నుంచీ ఉండాలి. ఒక్కటి పోయిందన్నా నేనైతే ఆ విమానం వదిలేస్తా.

ఇంజన్ సంగతి కొంచెం నిదానంగా చదువు. ఆ ఏడాది 172లకు వచ్చింది లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడీ. లోపల వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు తొందరగా దెబ్బతింటాయని దానికి పేరు. ఓవర్‌హాల్‌కి, అంటే ఇంజన్ మొత్తం విప్పి బాగుచెయ్యడానికి, గడువు 2,000 గంటలు, ఇంకా సగం మిగిలే ఉన్నాయని అమ్మేవాడు అంటాడు. నెలల తరబడి హ్యాంగర్‌లో కూర్చున్న ఇంజన్‌లో నూనె కిందికి జారిపోతుంది, క్యామ్‌కి తుప్పు పడుతుంది. మిగిలిన గంటలు ఏం చేసుకుంటాం? ఆయిల్ ఫిల్టర్ కోయించు. లోపలి కాగితం మడతలు విప్పి, తెల్లగుడ్డ మీద పరిచి, ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. లోహపు రజను ఉంటే తళుక్కుమంటుంది. అది అయస్కాంతానికి అంటుకుంటే బేరం అక్కడితో ఆపెయ్.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. మీ నాయినకు కూడా ఇది తెలియదు.

1987. మెకానిక్ లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పని. అక్కడి 172కి కొత్త రేడియోలు బిగించాం. బరువు మారింది కాబట్టి విమానాన్ని మళ్లీ తూచాలి. కాంటాలు రావాలంటే రెండు రోజులు పడుతుంది, విమానమేమో మర్నాడే కావాలన్నారు. పాత కాగితంలో ఉన్న ఖాళీ బరువుకి రేడియోల బరువు కలిపి సంతకం పెట్టేశాను. నా కూడిక సరిగ్గానే ఉంది. నేను నమ్మిన పాత అంకె తప్పు.

మే నెల మధ్యాహ్నం. సాగర్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్. పైలట్ కాక ముగ్గురు ఎక్కారు, ట్యాంకులు నిండా ఉన్నాయి. అంత ఎండకు గాలి పలచబడుతుంది, రెక్కకూ ఇంజన్‌కూ సత్తువ తగ్గుతుంది. చక్రాలు నేల వదిలాయి గానీ విమానం పైకి పోదు. రన్‌వే చివర నిలబడి చూస్తున్నా. ఎదురుగా తాటిచెట్లు. రెక్క పట్టు తప్పబోతోందని హెచ్చరించే స్టాల్ హారన్ ఆగకుండా మోగిందని పైలట్ తర్వాత చెప్పాడు. ఎట్లా దాటిందో దాటింది, చుట్టు తిరిగి వచ్చి దిగింది. ఎడమ చక్రం బ్రేకు పైపుకి పచ్చి తాటాకు పీలిక ఒకటి చిక్కుకుని ఉంది. ఎవరూ చూడకముందే తీసి జేబులో పెట్టుకున్నా. సాయంత్రం దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

కాంటాలు తెప్పించి తూచితే కాగితం కన్నా 41 కిలోలు ఎక్కువ. రంగు మీద రంగు, సీట్ల కింద ఎవరూ తీసెయ్యని పాత వైర్లు, నీళ్లు పీల్చిన స్పాంజి. మీ తాత బత్తాయి అమ్మినప్పుడు వ్యాపారి చీటీ చూసేవాడే కాదు, బండిని మళ్లీ కాంటా ఎక్కించేవాడు. ఆయన కడుపున పుట్టి నేను చీటీ నమ్మాను.

అందుకే "పారాచూట్ ఉంది కదా, భయమెందుకు" అని మీ నాయినతో అన్న మాట ఇంకెప్పుడూ అనకు. చెట్ల ఎత్తులో ఉన్నప్పుడు పారాచూట్ విచ్చుకోవడానికి చోటే ఉండదు. పైగా దాని బరువే 35, 40 కిలోలు. లెక్క చూడు. గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు, అంటే 1,043 కిలోలు. పారాచూట్‌తో ఖాళీ బరువు 690 అనుకో. నిండు ట్యాంకుల పెట్రోలు 109. ఇక మనుషులకూ సామానుకూ మిగిలేది 244. జూన్ ఎండలో మీ అమ్మనీ నాయిననీ ఎక్కించుకుని మీ ఇద్దరూ పోదామనుకున్నారట. మీ నాయిన ఒక్కడే 88 కిలోలు తల్లీ. పెట్రోలు తగ్గించుకోండి, లేకపోతే ఒక్కొక్కరినే తిప్పు.

పారాచూట్‌కీ, దాన్ని బయటికి లాగే రాకెట్‌కీ గడువుంటుంది. ఆ తేదీలు చూసి, మార్చే ఖర్చు ధరలో తగ్గించమను. ప్రమాద సంకేతం పంపే పెట్టె 406 మెగాహెర్ట్జ్‌దేనా చూడు. పాత 121.5ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తోనే ఆగిపోయింది. సీటు పట్టాలు, వాటి పిన్నులు నీ వేళ్లతో తడిమి చూడు. పైకి లేచేటప్పుడు సీటు వెనక్కి జారితే స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి దాంతోపాటే వెనక్కి వస్తుంది. క్యాబిన్‌లోకి వేడిగాలి వచ్చేది ఇంజన్ పొగ పోయే మఫ్లర్ చుట్టూ తిరిగే. అది చీలితే పొగలోని విషవాయువు లోపలికి వస్తుంది కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పకుండా పెట్టించుకో.

మూడు చక్రాల కింద మూడు కాంటాలు పెడతారు. ఆ రోజు ఎంత పనున్నా నువ్వు దగ్గరుండు. మూడు అంకెలూ నీ చేత్తో రాసి నాకు ఫోటో పంపు. అది వచ్చిన రోజు మీ నాయిన ఇంటికి నేనే పోయి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తాటాకు సంగతి కూడా చెప్తా.

నీ పెద్దనాయన